ఆ పూట వంట ఆయనది

“నేను వాలీబాల్ మానేశానమ్మా!”

పాస్తా పొట్లం కత్తిరించబోతున్న చిట్టి చెయ్యి అక్కడే ఆగిపోయింది. కూతురు పండు మాత్రం వంటింటి గట్టు మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తూనే ఉంది... పెన్సిలు ఎక్కడో పారేసుకున్నానమ్మా అన్నంత తేలిగ్గా చెప్పేసి!

“మానెయ్యడమేంటే? గ్రౌండులో ఏదో పని జరుగుతోంది, అందుకే ప్రాక్టీసు లేదన్నావుగా?”

“పనీ లేదు, పాడూ లేదు. ఊరికే చెప్పాను.” పండు తల ఎత్తలేదు. “పెద్ద పోటీలకి నన్ను తీసుకున్నారంట. రేపు సారు మనింటికి వస్తానంటున్నారు. నువ్వే ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యమ్మా... ఒంట్లో బాగోలేదనో, మాకిష్టం లేదనో.”

“ఎందుకు మానేశావు తల్లీ? ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఎవరంటారు? సాయంత్రం నేను ఇంట్లో లేకపోతే నువ్వు స్నానానికి ఎలా వెళ్తావు? కూరగాయలకి ఎలా వెళ్తావు? నాన్న పిలిస్తే ఎవరో ఒకరు పలకాలి కదా...”

సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి ఆ పిలుపు!

“చిట్టీ...!”

“ఇక్కడే ఉన్నానండీ!”

“ఇక్కడే ఉంది నాన్నా!”

రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి. మాటలు వేరైనా ఆ తొందర ఒకటే... తెచ్చిపెట్టుకున్న ఆ హుషారు ఒకటే! చిట్టి కూతురి వంక చూసింది. లేత మొహం. నుదుటి మీద మాత్రం పెద్దవాళ్ళకుండే ముడత. చేతిలో వెల్లుల్లి రెబ్బ ఉంది, చెవులు మాత్రం ముందుగది గుమ్మం మీదే ఉన్నాయి. అచ్చం తనలాగే! భగవంతుడా, ఇది ఎప్పుడు జరిగింది? తన కళ్ళ ముందే, తన పక్కనే ఈ పసిపిల్ల కూడా ఆ పిలుపనే తాడుకి ఎప్పుడు కట్టుబడిపోయింది?

* * *

భర్త బస్సు డిపోలో మెకానిక్. మంచి పనివాడని పేరు. ఒకనాడు షెడ్డులో అతని మొహం ముందే బ్యాటరీ పేలింది. ఆసుపత్రిలో కట్లు విప్పిన రోజున “ఇంకా కట్లు విప్పలేదేంటి?” అని అతను అడిగినప్పుడు, చిట్టి గుండె ఎలా ఆగకుండా కొట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి! ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. అతన్ని ఇంటికి తీసుకొచ్చి ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడమే!

మొదట్లో అవసరానికి పిలిచేవాడు. తర్వాత అవసరం లేకపోయినా పిలవడం మొదలైంది. “చిట్టీ” అంటే “ఇక్కడే ఉన్నానండీ” అనాలి. అంతే, మరేం అక్కర్లేదు. కానీ ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ గొంతు మారిపోయేది. లేచి గోడలకు గుద్దుకునేవాడు, చేతికందినదాన్ని విసిరేసేవాడు. అందుకే చిట్టి స్నానానికి వెళ్ళినా గడియ పెట్టుకోదు, లోపల కూనిరాగం తీస్తూనే ఉండాలి. రాగం ఆగిందా, తలుపు మీద దబదబమని దెబ్బలు! ఆఖరికి ఏడవడానికి కూడా వీల్లేదు ఆమెకి... ఏడిస్తే వినబడుతుంది, పలక్కుండా ఊరుకుంటే అతను భయపడతాడు. అందుకని కళ్ళు ధారకట్టినా గొంతు మాత్రం నవ్వుతున్నట్టు మాట్లాడటం నేర్చుకుంది. ఆ విద్య ఎవరికీ రాకూడదు!

అంధుల శిక్షణ కేంద్రం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, కర్ర పట్టుకుని నడవడం, సొంతంగా పనులు చేసుకోవడం నేర్పుతానని. “నా కొడుకు కర్ర పట్టుకుని వీధిలో తిరగాలా? వాడికేం ఖర్మ! వాడికి కళ్ళు లేకపోతేనేం, మా కోడలే వాడి కళ్ళు!” అని అత్తగారు ఆమెని గుమ్మంలోంచే పంపించేసింది. ఆ మాట మెట్ల మీద వెళ్తున్నవాళ్ళూ, పైఅంతస్తు వాళ్ళూ అందుకున్నారు. చిట్టి కనబడితే చాలు, “నీలాంటి ఇల్లాలు ఎవరికుంటుందమ్మా!” అని పొగడ్తలు. ప్రతి పొగడ్తా తలుపుకి ఇంకో గడియ వేసినట్టే అనిపించేది ఆమెకి.

పెళ్ళికి ముందు నుంచీ చిట్టి ఒక బేకరీలో పనిచేసేది. కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆమె పని. ఎక్కడా ఆపకుండా, చెయ్యి వణక్కుండా, పుట్టినరోజు పాపాయి పేరు ఒక్క ఊపులో రాసేసేది. పాపాయి ఎగిరి గంతేస్తే ఆ రోజంతా చిట్టికి హాయిగా ఉండేది. ప్రమాదం తర్వాత వెళ్ళనేలేదు. బేకరీ ఆవిడ మంచిది, ఇన్నాళ్ళూ ఆ చోటు అలాగే ఉంచింది. నిన్ననే ఫోను చేసింది... “సోమవారం వస్తావా చిట్టీ? లేదంటే చెప్పెయ్యమ్మా, ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాను. నాకూ తప్పడంలేదు.” చిట్టి రాలేననే చెప్పింది. చెప్పి, వెంటనే “ఇక్కడే ఉన్నానండీ” అని ముందుగదికి వినబడేలా అరిచింది.

తను బందీ అయినా ఫరవాలేదనుకుంది. కట్టుకున్నవాడు, మనసిచ్చినవాడు, భరిద్దామనుకుంది. కానీ ఈ పిల్ల...?

* * *

చిట్టి పొట్లం గట్టు మీద పెట్టింది. చేతులు తుడుచుకోకుండానే ముందుగదిలోకి నడిచింది. అత్తగారు కొడుకు పక్కన కూర్చుని గ్లాసు అతని పెదవులకి అందిస్తోంది, పసిబిడ్డకి పట్టినట్టు.

“ఏవండీ! ఈ పూట వంట మీరు చెయ్యాలి.”



“ఏమ్మాయ్, మతిగాని పోయిందా?” అత్తగారు గ్లాసు కింద పెట్టేసింది. “వాడేంటి, వంటేంటి? వాడు మంట దగ్గరికి వెళ్ళడమేంటి?”

అతను నవ్వాడు. అందులో నవ్వు లేదు. “బాగుంది! కళ్ళు పోయినవాణ్ణి స్టవ్ ముందు నిలబెట్టి తమాషా చూస్తావా? నేనంటే విసుగొచ్చిందా? అదేదో సూటిగా చెప్పు!”

“విసుగే!” ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు చిట్టే ఉలిక్కిపడింది. కానీ ఇక వెనక్కి తీసుకోలేదు. “అవునండీ, విసుగొచ్చింది! మీరంటే కాదు. ఈ పిలుపంటే! పొద్దున లేచింది మొదలు పలకడం... పలకడం... పలకడం! బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కాసేపు ఆకాశం వైపు చూడటానికి లేదు నాకు!”

“ఇప్పుడు నీకేం తక్కువైందని?” అత్తగారు కళ్ళొత్తుకుంది. “డిపో వాళ్ళు నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నారు. ఇంటికి లోటు లేదు. కట్టుకున్నవాడికి నాలుగు మాటలు పలకడం బరువైపోయిందా తల్లీ?”

“నాకు బరువైతే మోసేదాన్ని అత్తయ్యా!” చిట్టి వంటింటి వైపు చెయ్యి చూపించింది. “కానీ పండు వాలీబాల్ మానేసింది. పెద్ద పోటీలకి ఎంచుకుంటే వద్దనుకుంది. ఎందుకో తెలుసా? నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా బదులు పలకడానికి! ఇందాక మీరు పిలిస్తే ఇద్దరం కలిసి పలికాం... వినలేదూ మీరు?”

 కుర్చీ చేతుల్ని పట్టుకున్న అతని వేళ్ళు తెల్లబడ్డాయి.

“పండూ... ఇలా రా! నిజమేనా?”

పండు గుమ్మంలో నిలబడి ఉంది. “లేదు నాన్నా. నాకే ఆట బోర్ కొట్టేసింది.”

అతను తల పక్కకి వాల్చి విన్నాడు. చాలాసేపు, ఆ మాట అయిపోయాక కూడా వింటున్నట్టే ఉన్నాడు.

“అబద్ధం,” అన్నాడు నెమ్మదిగా. “అబద్ధం చెప్పినప్పుడు నీ గొంతు సన్నబడుతుందే. చూపున్నన్నాళ్ళూ ఆ సంగతి నాకు తెలియనే లేదు...”

పండు ఒక్కసారిగా భోరుమంది. పరుగెత్తుకెళ్ళి తండ్రి మోకాళ్ళ మీద పడిపోయింది. అతను ఆ తల నిమురుతూ ఉండిపోయాడు. మొహం ఎటో తిప్పి అడిగాడు...

“కాలితే?”

“కాలుతుందండీ,” అంది చిట్టి. “నాకూ కాలుతూనే ఉంటుంది.”

అతను లేచాడు. అత్తగారు అడ్డం నిలబడి రెండు చేతులూ చాపింది. “వద్దు నాన్నా! నా మాట విను! నిన్ను ఇలా చూడటమే నాకు చావులా ఉంది, ఇంక ఆ మంటల్లో కూడానా...”

“అమ్మా... కాస్త పక్కకి తప్పుకో.”

* * *

అది సన్నని వంటింటి గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చిట్టి సామానంతా గట్టు మీద వరసగా పెట్టి, ఒక్కొక్కదాని మీదా అతని చెయ్యి ఆనించింది. వెన్న, వెల్లుల్లి, తరిగిన ఉల్లిపాయ, పాస్తా, పాలు, క్రీము, తురిమిన చీజు, ఉప్పు, మిరియాల పొడి. మందపాటి గిన్నె ఒక్కటే. ఈ వంట బేకరీ ఆవిడ నేర్పింది ఆమెకి. అన్నీ ఒకే గిన్నెలో ఉడికిపోతాయి, పాస్తా వేరే ఉడకబెట్టి వేడినీళ్ళు వంపే పని లేదు. పండుకి ఇష్టమని ఈ పూట మామూలుగానే చెయ్యబోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్ళు వంపే పని లేకపోవడమే ఆమెకి ధైర్యమిచ్చింది.

“నేను గుమ్మం దగ్గర నిలబడతాను. చెప్తాను, అంతే. ముట్టుకోను,” అంది. అని వెనక్కి జరిగింది. ఆ రెండడుగులు వెయ్యడం ఎంత కష్టమో!

అతను స్టవ్ మీద గిన్నె సరిగ్గా కుదిరిందో లేదో అంచు చుట్టూ వేళ్ళతో తడిమాడు. మీట తిప్పి లైటర్ నొక్కాడు. భగ్గుమంది! ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. వెన్న వేశాడు. అది చిటపటమంటుంటే వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి గరిట తిప్పాడు. సగం ముక్కలు గిన్నెలో, సగం గట్టు మీద. ఘుమఘుమ లేచింది. అతను ముక్కు ఎగబీల్చి “ఇంకా పచ్చివాసన పోలేదు,” అన్నాడు, తనలో తనే.

ఇంతలో మణికట్టు గిన్నె అంచుకి తగిలింది. “స్స్...!”

అత్తగారు “అయ్యో నాన్నా!” అని ముందుకి దూకింది. చిట్టి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

“వద్దత్తయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క నిమిషం ఆగండి!”

“నీది గుండేనా, రాయా? వదులు నన్ను!”

రాయి కాదు! ఆ చేతులు పట్టుకున్నది అత్తగారిని ఆపడానికో, తనని తాను ఆపుకోవడానికో చిట్టికే తెలియదు. ప్రాణమంతా అతని దగ్గరికి పరుగెడుతుంటే, కాళ్ళు మాత్రం నేలకి అతుక్కుని... ఇన్నాళ్ళూ పలకడమే కష్టమనుకుంది. పలక్కుండా నిలబడటం ఇంతకన్నా కష్టమని ఇప్పుడే తెలిసింది.

అతను చెయ్యి దులుపుకున్నాడు. ఎవరూ రాలేదు. ఒక్క క్షణం ఆగి, గట్టు అంచు పట్టుకుని పక్కకి జరిగాడు. తడిమాడు. కుళాయి దొరికింది! చెయ్యి చల్లటి ధార కింద పెట్టుకుని నిలబడ్డాడు. ఆ నీళ్ళ శబ్దం వింటూ ముగ్గురు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టారు. తర్వాత అతనే కుళాయి కట్టేసి, మళ్ళీ స్టవ్ దగ్గరికి వచ్చాడు.

“ఇప్పుడేం వెయ్యాలి?” అన్నాడు. గొంతులో భయం ఉంది, కానీ ఇప్పుడు భయమొక్కటే కాదు.

“పాస్తా వెయ్యండి. దాని మీద గ్లాసుతో నీళ్ళు, తర్వాత పాలు.”

గ్లాసు అంచు మీద వేలు లోపలికి ముడిచి పెట్టి, నీళ్ళు వేలికి తగలగానే ఆపాడు. ఆ కిటుకు ఎవరూ చెప్పలేదు. ఉప్పు మాత్రం చేత్తో తీసి ధారాళంగా పడేశాడు. చిట్టి నాలుక కరుచుకుంది, నోరు మాత్రం విప్పలేదు.

గిన్నె ఉడకడం మొదలైంది. అతను దాని మీదకి కాస్త వంగి చెవి పెట్టాడు. “మంట తగ్గించాలి. పొంగేలా ఉంది.”

“మీకెలా తెలిసిందండీ?”

“శబ్దం పైకొస్తోంది.” గరిట తిప్పుతూ నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు, “ఇప్పుడు మారింది చూశావా? ఇందాక గలగలమంది. ఇప్పుడు బరువుగా, బద్ధకంగా ఉడుకుతోంది. నీళ్ళు ఇగిరిపోతున్నాయి. ఆయిలు తగ్గిన ఇంజను కూడా ఇలాగే గొంతు మారుస్తుంది... షెడ్డులో కొత్త కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు.” ఒక ముక్క తీసి ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. “ఇంకా లోపల పలుకుంది.”

పని గురించి అతను మాట్లాడటం, ప్రమాదం తర్వాత అదే మొదలు! చిట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ ఈసారి అతనికి వినబడనే వినబడింది.

“ఏడుస్తున్నావా?”

“ఆఁ... ఏడుస్తున్నానండీ!”

“ఏడు,” అన్నాడు. “ఇక్కడ నాకు పనుంది.”

పండు ఏడుపులోనే పకపకా నవ్వేసింది.

స్టవ్ ఆపాక క్రీము పోశాడు, చీజు వేశాడు, మిరియాల పొడి చల్లాడు. గరిటకి తీగలా సాగుతున్న ఆ తెల్లటి పాస్తాని తనే కంచాల్లో వడ్డించాడు. కొంత బల్ల మీద పడింది. ఎవరూ తుడవలేదు.

“నాన్నా... సముద్రంలా ఉంది ఉప్పు!” అంది పండు మొదటి ముద్దకే.

“అడుగు కూడా కొంచెం అంటింది,” అంది చిట్టి.

“తినండి మరి. నేను తినలేదా ఇన్నాళ్ళూ మీ అమ్మ వంట?” అన్నాడతను. అని, అందరి నవ్వూ ఆగిపోయాక, స్పూను పక్కన పెట్టేశాడు. “చిట్టీ... నువ్వెక్కడికో వెళ్ళిపోతావని కాదే నేను పిలిచేది. నువ్వు పలక్కపోతే నాకు ఇల్లు ఉండదు. గోడలుండవు. ఎటు చూసినా ఒకటే నలుపు... ఎక్కడ నిలబడ్డానో తెలియదు. నువ్వు పలికితే, ఆఁ, అటు వంటిల్లు, ఇటు కిటికీ అని మళ్ళీ అన్నీ వస్తాయి. కానీ ఇవాళ...” మణికట్టు మీద ఎర్రగా కమిలిన చోటు తడుముకున్నాడు. “ఇవాళ కుళాయి నాకు నేనే దొరకబుచ్చుకున్నాను. నిన్నూ, పిల్లనీ ఇలా కట్టేశానని... నిజంగా నాకు తెలియలేదే!”

చిట్టి అతని చెయ్యి తన బుగ్గకి ఆనించుకుంది. తడి అతని వేళ్ళకి తగిలింది. అతను తుడవలేదు, అలాగే ఉంచాడు.

 అత్తగారు కంచంలోది ముక్క వదలకుండా తిన్నది. లేచి, అడుగంటిన గిన్నె తీసుకుని కుళాయి దగ్గర తోమడం మొదలుపెట్టింది. చిట్టి అందుకోబోతే మోచేత్తో నెట్టేసింది.

“కూర్చో. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావు,” అంది, వెనక్కి తిరగకుండానే. చాలాసేపు తోమింది. తోముతూనే అంది, “నా కొడుకుని చూసి ఏడవడమే సరిపోయింది నాకు. నీ మొహం ఎలా అయిపోయిందో ఇవాళే చూశాను తల్లీ... ఆ బేకరీ ఆవిడకి రాలేనని చెప్పడం నేను విన్నాలే. మళ్ళీ ఫోను చెయ్యి.”

* * *

మర్నాడు వాలీబాల్ సారు వస్తే తలుపు తీసింది చిట్టి, మాట్లాడింది అతను. “మా అమ్మాయిని పంపిస్తాం సార్. బాగా ఆడించండి,” అన్నాడు. శిక్షణ కేంద్రం టీచరమ్మకి అత్తగారే కబురు పెట్టింది. గుమ్మంలోంచే పంపేసిన మనిషిని లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది, మొహం పక్కకి తిప్పుకునే!

సోమవారం రానే వచ్చింది. అంతా సర్దుకుపోయిందని చెప్తే అబద్ధమే అవుతుంది. చిట్టి మెట్లు సగం దిగి ఆగిపోయింది. పైనుంచి పిలుపు వినబడుతుందేమోనని గోడకి ఆనుకుని నిలబడింది. వినబడలేదు. వినబడకపోతే ఇంకా భయం! వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంది. ఎలాగో గుండె చిక్కబట్టుకుని వీధిలో పడింది. ఎవరో తరుముతున్నట్టు నడిచింది.

బేకరీలో అంతా అలాగే ఉంది... ఆ వేడి, ఆ తియ్యటి వాసన, పిండి అంటుకున్న గాజు అలమర. చేతికి మాత్రం పని కొత్తయిపోయింది. మొదటి కేకు మీద అక్షరం వంకరపోయింది. బేకరీ ఆవిడ ఏమీ అనకుండా చాకుతో ఆ క్రీము గీసేసి, “మళ్ళీ రాయి,” అంది. రెండోసారి కాస్త నయం.

మధ్యాహ్నానికి ఫోను మోగింది. ఇంటి నుంచి!  అయిపోయింది... ఏదో అయిపోయింది! మంటా? మెట్లా? చేతులకి క్రీము ఉండగానే ఫోను లాక్కుని, “ఏమైంది అత్తయ్యా? ఆయనకేమైంది?” అని అరిచేసింది. కేకు కోసం వచ్చిన ఒకావిడ తిరిగి చూసింది.

“ఏమీ కాలేదే బాబూ, చెవులు పోయేలా అరవకు!” అత్తగారి గొంతు చిరాగ్గా ఉంది. వెనకాల గిన్నె మీద గరిట తిరుగుతున్న చప్పుడు. “వీడు మళ్ళీ ఆ పాస్తానే చేస్తానని కూర్చున్నాడు. ఈసారి టమాటా వేస్తాడంట. పాలు విరుగుతాయేమోరా అంటే వినడంలేదు. నిన్ను అడగమన్నాడు.”

 చిట్టి ఫోను రెండో చెవికి మార్చుకుంది. “టమాటా ముందు బాగా మగ్గనివ్వమనండి అత్తయ్యా. పాలు వద్దు, నీళ్ళతోనే ఉడికించి, స్టవ్ ఆపాక కాస్త చల్లారనిచ్చి క్రీము వెయ్యమనండి. విరగదు.”

“విన్నావురా? స్టవ్ ఆపాకంట!” అని అత్తగారు అటు చెప్పడం వినబడింది. అతను ఏదో అన్నాడు, దానికి ఆమె నవ్వింది. “ఆయన... నన్ను పిలుస్తున్నారా అత్తయ్యా?” అని అడగబోయింది చిట్టి.

“సరే, ఉంటానమ్మాయ్. ఇక్కడ ఉల్లిపాయ మాడుతోంది!”

ఫోను ఆగిపోయింది. చిట్టి కాసేపు దాన్ని చెవికి అలాగే పెట్టుకుని నిలబడిపోయింది. ఆ ఇంట్లోవాళ్ళు తనతో మాట మధ్యలోనే తెంచేసి, తమ పనిలో తాము పడిపోవడం... ఇన్నాళ్ళలో అదే మొదటిసారి! ఫోను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. క్రీము అంటిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

“నీకోసం పుట్టినరోజు బాబు ఒకడు ఎదురుచూస్తున్నాడు చిట్టీ,” అంది బేకరీ ఆవిడ. “పెద్ద పేరట. ఒక్క వరసలో పడుతుందా?”

“పడుతుందమ్మా,” అంది చిట్టి. క్రీము సంచి చేతిలోకి తీసుకుంది.